క్యాంపస్‌లో ఉచిత టెక్ సెమినార్ నడపాలంటే: తాళంచెవి దగ్గర్నుంచి ఆఖరి సందేహం దాకా

మా క్యాంపస్‌లో మేం నడిపే ఉచిత టెక్ సెమినార్లు చూసి, "మా యూనివర్సిటీలో కూడా ఇలాంటివి పెట్టాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పంపే కంటే అంతా ఒకచోట రాసేయడం మేలనిపించింది.

ఇది పెద్ద కాన్ఫరెన్సుల సంగతి కాదు. శనివారం మధ్యాహ్నం, ఒక క్లాస్‌రూమ్, ముప్పై నలభై మంది, గంటన్నర. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, స్టేజీ లేదు. వచ్చినవాళ్లు ఒక పని నేర్చుకుని వెళ్తారు.

ఇన్‌ఫార్మల్ కదా, ప్రిపరేషన్ ఎందుకులే అనుకోవడం దగ్గరే చాలా సెమినార్లు చెడిపోతాయి. శాలువాలు, పూలగుత్తులు తీసేశాక మిగిలేది పని ఒక్కటే. అది కూడా సరిగ్గా కుదరకపోతే రెండో వారం ఎవరూ రారు.

1. ఎవరి కోసమో ముందు తేల్చుకోండి

యూనివర్సిటీ అంటే బీటెక్, ఎంసీఏ పిల్లలే కాదు. తెలుగు, చరిత్ర, ఎకనామిక్స్ శాఖల్లో పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్లున్నారు. లైబ్రరీ స్టాఫ్ ఉన్నారు. ఎగ్జామినేషన్ బ్రాంచిలో రోజంతా ఎక్సెల్‌తో కుస్తీ పట్టేవాళ్లున్నారు. రిటైర్మెంట్ దగ్గరపడ్డ ప్రొఫెసర్లు ఉన్నారు. అందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే సగం మందికి తెలిసిందే మళ్లీ చెప్పినట్టవుతుంది, మిగతా సగానికి ఏదీ ఎక్కదు.

అందుకే ప్రతి సెమినార్‌కీ ముందు ఈ మూడు ఖాళీలు నింపండి:

- ఇది ______ కోసం.
- వాళ్లకు ఇప్పటికే ______ వచ్చి ఉండాలి.
- ఇంటికెళ్లాక వాళ్లు ఎవరినీ అడక్కుండా ______ చేసుకోగలగాలి.

మూడో ఖాళీలో "అవగాహన" అని రాశారా, కొట్టేయండి. చేత్తో చేసి చూపించగల పని అక్కడ ఉండాలి. "జొటేరోలో (రిఫరెన్సులు దాచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) పది వ్యాసాలు చేర్చి, వాటి రిఫరెన్సుల జాబితాను వర్డ్‌లోకి తెచ్చుకోగలగాలి" అన్నట్టు.

2. అంశాన్ని ఫిర్యాదుల్లో వెతకండి

మాట్లాడేవారికి ఏం వచ్చో అదే అంశంగా పెట్టడం సులువు. "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ భవిష్యత్తు" అని పోస్టర్ వేస్తే మొదటిసారి హాలు నిండుతుంది కూడా. కానీ అలా వచ్చినవాళ్లు చేతిలో ఏమీ లేకుండానే తిరిగి వెళ్తారు.

నేను అంశాల కోసం వెళ్లేది క్యాంపస్ గేటు పక్కన జిరాక్స్ షాపుకి. థీసిస్ సబ్మిషన్ రోజుల్లో అక్కడ అరగంట నిలబడితే నెలకు సరిపడా అంశాలు దొరుకుతాయి. లైబ్రరీ కౌంటర్, హాస్టల్ మెస్ కూడా మంచి చోట్లే. విన్నది విన్నట్టు రాసుకోండి:

- "పెన్‌డ్రైవ్ పోయింది, థీసిస్ మొత్తం అందులోనే ఉంది." ఇది బ్యాకప్ మీద సెమినార్.
- "ఇంట్లో బాగానే ఉంది, ఇక్కడ ప్రింట్ తీస్తే పేజీలు జరిగిపోయాయి." ఇది వర్డ్ స్టైల్స్, పీడీఎఫ్ మీద.
- "ఎక్సెల్‌లో హాల్‌టికెట్ నంబరు ముందున్న సున్నా ఎగిరిపోతోంది." ఆఫీసు స్టాఫ్‌కి దీని మీద పూర్తి సెమినార్ పెట్టొచ్చు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాతవన్నీ సున్నాలైపోతాయి. అంతకంటే పొడవైన బ్యాంకు ఖాతా నంబర్లున్న స్కాలర్‌షిప్ జాబితాలో అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. టైప్ చేయకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోవాలి.
- "స్కాలర్‌షిప్ లింకు అని నొక్కితే డబ్బులు పోయాయి." ఫోన్ భద్రత, యూపీఐ మోసాలు, సైబర్ మోసాల ఫిర్యాదుకున్న 1930 నంబరుకి వెంటనే ఫోన్ చేయడం.
- "సీనియర్ కోడ్ ఇచ్చాడు, నా ల్యాప్‌టాప్‌లో రన్ కావట్లేదు." పైథాన్ ఎన్విరాన్‌మెంట్లు, గిట్.

గంటన్నరలో పట్టని అంశాలు కొన్ని ఉంటాయి. వాటిని మొహమాటం లేకుండా పక్కన పెట్టాలి. నేను ఒకసారి అందరి ల్యాప్‌టాపుల్లోనూ విండోస్ పక్కనే లినక్స్ వేయిద్దామని బయల్దేరాను. మూడో ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ సెట్టింగ్ మార్చగానే నీలం తెర వచ్చి డిస్క్‌కి తాళం వేసి ఉంచే బిట్‌లాకర్, 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ అమ్మాయికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. సోమవారం ఆమెకు ప్రాజెక్ట్ రివ్యూ! కీ ఆమె మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంది కాబట్టి బతికిపోయాం. అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడానికి పట్టిన ఆ రెండు గంటల టెన్షన్ మాత్రం నాకింకా గుర్తుంది. అప్పట్నుంచి ఉన్న సిస్టమ్‌ని మార్చే పని సెమినార్‌లో పెట్టను. లినక్స్ చూపించాలంటే, విండోస్ లోపలే ఇంకో సిస్టమ్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ చాలు.

3. రోజు, సమయం

ఇక్కడ పెద్దగా ఆలోచించేదేమీ లేదు, నాలుగు చూసుకుంటే చాలు:

- మిడ్స్, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ ఉన్న వారానికి, దాని ముందు వారానికి పెట్టొద్దు.
- దసరా, సంక్రాంతి సెలవుల ముందు శనివారం పెట్టొద్దు. అందరూ బస్టాండులోనే ఉంటారు.
- ఆఫీసు స్టాఫ్ కూడా రావాలంటే రెండో శనివారం వదిలేయండి.
- గర్ల్స్ హాస్టల్ ఇన్‌టైమ్ ఎంతో, కాలేజీ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో కనుక్కోండి. ఈ రెండింటిలో ఏది ముందైతే దానికి అరగంట ముందే సెమినార్ అయిపోవాలి.

ఆఖరిది చాలామంది పట్టించుకోరు. సాయంత్రం ఆరింటికి పెట్టి, "అమ్మాయిలకు ఆసక్తి లేదు" అని నిట్టూర్చేవాళ్లను చూశాను. ఆసక్తి లేక కాదు బాబూ, గేటు వేసేస్తారు.

రెండు నుంచి మూడున్నర మాకు బాగా కుదిరింది. ఒకసారి పెట్టుకున్న రోజు, గంట, గది మార్చకండి.

4. గది, పర్మిషన్, తాళంచెవి

సెమినార్ హాల్ అడగొద్దు. ఏసీ, మైకు, వేదిక ఉన్న గది అడిగితే ఫైలు పైకి వెళ్తుంది. పైకి వెళ్లిన ఫైలుతో పాటు ముఖ్య అతిథి కిందికి వస్తారు. మా మూడో సెమినార్‌కి అదే జరిగింది. జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, శాలువాలు, "వేదికను అలంకరించిన పెద్దలందరికీ" అయ్యేసరికి గంటన్నరలో యాభై నిమిషాలు పోయాయి. ల్యాప్‌టాపులు తెరిచి కూర్చున్నవాళ్ల బ్యాటరీలు కూడా సగానికి వచ్చాయి.

మామూలు క్లాస్‌రూమ్ గానీ డిపార్ట్‌మెంట్ ల్యాబ్ గానీ అడగండి. శాఖాధిపతి సంతకంతోనే పనైపోతుంది. ఉత్తరం ఇంతకంటే పొడవు ఉండక్కర్లేదు:

"గౌరవనీయులైన శాఖాధిపతి గారికి, ఈ సెమిస్టర్‌లో శనివారాలు మధ్యాహ్నం 2 నుంచి 3:30 వరకు మన యూనివర్సిటీ విద్యార్థులకు, సిబ్బందికి ఉచితంగా కంప్యూటర్ పాఠాలు చెప్పుకోదలిచాము. ఇందుకు ____ నంబరు గది, ప్రొజెక్టర్ వాడుకోవడానికి అనుమతి కోరుతున్నాము. ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయము, బయటి సంస్థల ప్రచారం ఉండదు. గది శుభ్రం చేసి తాళంచెవి అదే రోజు అప్పగిస్తాము. బాధ్యులు: ____, ____."

ఒక్కో శనివారానికి ఒక్కో ఉత్తరం కాకుండా సెమిస్టర్ మొత్తానికి ఒకేసారి అడగాలి. సంతకమైన కాపీని ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి, సెక్యూరిటీ వాళ్లు అడుగుతారు.

సంతకం సార్‌దే అయినా తలుపు తీసేది అటెండర్ అన్న. శుక్రవారం సాయంత్రమే వెళ్లి కలవండి. "అన్నా, రేపు రెండింటికి" అని గుర్తుచేసి, అన్న రాకపోతే తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడిగి రాసుకోండి. టీ తెప్పించినప్పుడు మొదటి కప్పు ఆయనకివ్వండి.

5. కరెంటు, నెట్, ప్రొజెక్టర్

సెమినార్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. మాట్లాడేవారు ఎంత గొప్పవారైనా ప్లగ్గు లేకపోతే చేసేదేమీ లేదు. శుక్రవారమే గదికి వెళ్లి చూసుకోండి.

కరెంటు. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కి 230 వోల్టుల దగ్గర 1380 వాట్ల వరకే ఓపిక. ల్యాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లనుకుంటే కాగితం మీద ఇరవై ఒకటి పడతాయి. అంతదాకా పోవద్దు, ఒక సాకెట్‌కి పది చాలు. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు గుచ్చొద్దు. వైర్లు నడిచే దారికి అడ్డంగా వెళ్తుంటే టేపు వేసి నేలకు అంటించండి. వచ్చేవాళ్లకు "ఫుల్ ఛార్జింగ్‌తో రండి" అని ముందే చెబితే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

నెట్. క్యాంపస్ వైఫైని నమ్ముకోవద్దు. చిన్న లెక్క వేసి చూడండి. 150 ఎంబీ ఉన్న సాఫ్ట్‌వేర్‌ని 40 మంది ఒకేసారి డౌన్‌లోడ్ చేస్తే 6 జీబీ. ఆ గదికి అందే నెట్ 20 ఎంబీపీఎస్ అయితే, ఏ అడ్డంకీ లేకుండా వచ్చినా 40 నిమిషాలు పడుతుంది. దాదాపు సగం సెమినార్ అందులోనే పోయింది! ఫోన్ హాట్‌స్పాట్‌కి పది మంది కనెక్ట్ అయితే అదే ఎక్కువ.

కాబట్టి కావాల్సిన ఫైళ్లన్నీ ముందే దించి పెట్టుకోండి. పంచడానికి రెండు దారులు:

- ఐదారు పెన్‌డ్రైవ్‌లు. వాటిని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి. పాత ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు కాపీ కాదు. "పెన్‌డ్రైవ్ ఖాళీగానే ఉంది, అయినా స్పేస్ లేదంటోంది" అనేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే. ఉబుంటు డెస్క్‌టాప్ లాంటి పెద్ద ఫైళ్లకు తప్పకుండా చూసుకోండి. ఈ పెన్‌డ్రైవ్‌లను సెమినార్ అయ్యాక మళ్లీ ఫార్మాట్ చేయాలి, లేకపోతే షార్ట్‌కట్ వైరస్‌ని కూడా ఉచితంగా పంచినట్టవుతుంది.
- పాత వైఫై రౌటర్ ఒకటి. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి, పైథాన్‌లోనే ఉన్న చిన్న వెబ్ సర్వర్‌తో ఒక ఫోల్డర్‌ని తెరిచి పెడితే అందరూ బ్రౌజర్‌లోంచే దించుకోవచ్చు. బోర్డు మీద అడ్రస్ పెద్దగా రాయండి. ఇదే పని క్యాంపస్ వైఫై మీద చేస్తే చాలాచోట్ల కుదరదు, ఒకరి మెషీన్ ఇంకొకరికి కనిపించకుండా కట్టేసి ఉంచుతారు.

ప్రొజెక్టర్. పాత గదుల్లో వీజీఏ వైరే ఉంటుంది, కొత్త ల్యాప్‌టాపుల్లో ఆ సాకెట్ ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్, టైప్‌సీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది ఒకటి సంచిలో పడేసుకోండి. తెర రాకపోతే విండోస్ కీతో పాటు పి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి.

మధ్యాహ్నం వెలుతురులో నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద రంగురంగుల కోడ్ అసలు కనిపించదు. ఆ డార్క్ థీమ్ మీ గదిలో ఉంచుకోండి, ఇక్కడ తెల్ల బ్యాక్‌గ్రౌండ్, 24 సైజు అక్షరాలు. చివరి బెంచీలో మీరే కూర్చుని చూడండి. ముందువాళ్ల తలకాయలు అడ్డం వచ్చి తెర కింది భాగం వెనకవాళ్లకు కనపడదు, కాబట్టి టైప్ చేసేది పై సగంలోనే ఉండాలి.

సంచిలో ఉండాల్సినవి:

- కన్వర్టర్లు రెండు, హెచ్‌డీఎంఐ వైరు
- ఎక్స్‌టెన్షన్ బోర్డులు, టేపు
- పెన్‌డ్రైవ్‌లు, రౌటర్, దాని అడాప్టర్
- బోర్డు మార్కర్లు (గదిలో ఉన్నవి ఎండిపోయి ఉంటాయి)
- రెండు రంగుల అంటుకాగితాలు
- స్లైడ్లు, ఫైళ్లు ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో కూడా ఒక కాపీ

6. చెప్పేవారు, పక్కన ఉండేవారు

పేరున్న వక్త కోసం తిరగొద్దు. ఆ పని మొన్ననే నేర్చుకున్న ఎంఏ విద్యార్థి, ఇరవై ఏళ్ల అనుభవమున్న నిపుణుడి కంటే మేలు. ఎక్కడెక్కడ తడబడ్డాడో ఇంకా మర్చిపోయి ఉండడు.

చెప్పేవారు ఒకరైతే సహాయకులు ఎక్కువ ఉండాలి, ఎనిమిది మందికి ఒకరు చొప్పున. వాళ్ల పని పాఠం చెప్పడం కాదు, ఆగిపోయినవాళ్ల పక్కన కూర్చోవడం. వాళ్లకు ఒకే ఒక్క నియమం: ఎదుటివాళ్ల కీబోర్డు, మౌసు ముట్టుకోకూడదు. "ఇలా ఇవ్వండి మేడమ్, నేను చేసేస్తా" అని లాక్కున్న క్షణం నుంచి ఆవిడ నేర్చుకోవడం ఆపేస్తుంది. వేలితో చూపించాలి, నోటితో చెప్పాలి.

గురువారం ఒక రిహార్సల్ పెట్టండి. ఆ విషయం బొత్తిగా తెలియని స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, అతని ల్యాప్‌టాప్ మీద మొత్తం చేయించండి. మీ అంచనాకు రెట్టింపు సమయం పడుతుంది. అప్పుడు పాఠాన్ని సగానికి కోయాలి, స్పీడు పెంచకూడదు.

ఏ భాషలో? మన క్యాంపస్‌లలో తెలుగు, ఇంగ్లీషు కలిపిన మాటే సహజంగా నడుస్తుంది. మెనూ పేర్లు తెర మీద ఎలా ఉంటే అలాగే పలకండి, ఎందుకు నొక్కుతున్నామో తెలుగులో చెప్పండి. హైదరాబాద్ క్యాంపస్‌లలో తెలుగు రానివాళ్లు కూడా ఉంటారు. మొదట్లోనే అడిగి, వాళ్ల పక్కన హిందీ గానీ ఉర్దూ గానీ వచ్చిన సహాయకుణ్ణి కూర్చోబెట్టండి.

7. కబురు పంపడం

పోస్టర్ డిజైన్ మీద రాత్రంతా కూర్చోవద్దు. వాట్సాప్‌లో ఈ మాదిరి మెసేజ్ చాలు:

"మీ తెలుగు థీసిస్ అనూ ఫాంట్లలో ఉందా? శనివారం మధ్యాహ్నం 2 గంటలకు, ____ గదిలో, దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవడం చేసి చూపిస్తాం. ఏ శాఖవారైనా రావచ్చు. ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జింగ్‌తో, థీసిస్‌లో ఒక పేజీ కాపీతో రండి. ల్యాప్‌టాప్ లేకపోయినా రండి, ఇద్దరికొకటి సర్దుతాం. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. 3:30కి అయిపోతుంది."

క్లాసు గ్రూపుల్లో క్లాస్ రిప్రజెంటేటివ్‌ల ద్వారా వేయించండి. ఆఫీసు స్టాఫ్‌కి మాత్రం మనిషి వెళ్లి చెప్పాల్సిందే. "మేడమ్, మీ ఎక్సెల్ గొడవ గురించే ఈ వారం" అంటే వస్తారు, ఫార్వర్డ్ చేసిన పోస్టర్ చూసి రారు.

పేర్లు నమోదు చేయించుకోవచ్చు కానీ ఆ సంఖ్యను నమ్మొద్దు. ఉచితం అనగానే అందరూ పేరిస్తారు, వచ్చేవాళ్లు అందులో సగం ఉంటే మంచి రోజు. టీ దాన్ని బట్టి చెప్పండి.

సర్టిఫికెట్ మీద నాది మొండి పట్టు, ఇవ్వొద్దు. ఇస్తే సంతకాలు పెట్టి వెనక డోర్లోంచి జారుకునేవాళ్లతో గది నిండిపోతుంది.

8. ఒక నమూనా: తెలుగు థీసిస్, అనూ నుంచి యూనికోడ్‌కి

తెలుగు శాఖల్లోనే కాదు, తెలుగులో రాసే ప్రతి స్కాలర్‌కీ ఉన్న చిక్కు ఇది. అనూ లాంటి పాత డీటీపీ ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపిస్తుంది కానీ లోపల నిల్వ ఉండేది తెలుగు అక్షరాలు కాదు, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన కోడ్‌లు. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకే విడిగా కోడ్‌లుంటాయి, కాబట్టి ఈ చిక్కు ఉండదు. పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో అలాంటి పీడీఎఫ్ తెరిచి "గురజాడ" అని వెతికితే ఏమీ దొరకదు.

గంటన్నరను మేం ఇలా విడగొట్టాం:

మొదటి 10 నిమిషాలు. పక్కపక్కన రెండు పీడీఎఫ్‌లు తెరిచి, రెండింట్లోనూ ఒకే మాట వెతికి చూపించడం. ఒకదాంట్లో దొరుకుతుంది, ఇంకోదాంట్లో దొరకదు. ఉపన్యాసం అక్కర్లేదు, అందరికీ అర్థమైపోతుంది.

10 నుంచి 25. కీబోర్డు పెట్టుకోవడం. విండోస్ సెట్టింగులలో భాషల దగ్గర తెలుగు చేర్చాలి. ఇన్‌స్క్రిప్ట్ (ప్రామాణిక తెలుగు లేఅవుట్) ఉంటుంది, విండోస్ 10కి 2019లో వచ్చిన అప్‌డేట్ దగ్గర్నుంచి ఫోనెటిక్ (ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొట్టేది) కూడా ఉంది. భాష మారడానికి విండోస్ కీ, స్పేస్‌బార్. డీటీపీలో వాడే యాపిల్ అనే తెలుగు లేఅవుట్‌కి చేయి అలవాటైనవాళ్లు ఇక్కడ నసుగుతారు. కొత్త లేఅవుట్ మంచిదని వాదించకండి, ఫోనెటిక్‌లో పేరు టైప్ చేయించండి చాలు.

25 నుంచి 45. తమ థీసిస్‌లోంచి ఒక పేరా సొంతంగా కొట్టడం. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో వ కిందికి దిగి ఒత్తుగా మారిపోతుంది, "సాఫ్ట్వేర్" అయిపోతుంది. మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి, జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టాలని చెప్పండి. కీ గుర్తులేనివాళ్లు ఒకచోటు నుంచి కాపీ చేసి పేస్ట్ చేసుకోవచ్చు. ఈ చిన్న కిటుకు చెప్పినప్పుడు గదిలో వచ్చే "ఓహో!" వినాలి.

45 నుంచి 52. టీ, ఉస్మానియా బిస్కెట్లు. ఇబ్బంది పడుతున్నవాళ్లు ఎవరో ఇప్పుడే తెలిసిపోతుంది, ఆగిపోయినవాళ్లు లేవకుండా అక్కడే కూర్చుని ఉంటారు. వాళ్ల దగ్గరికి టీ పట్టుకుని వెళ్లండి.

52 నుంచి 70. ఒక్క పేజీని అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌లో వేసి మార్చడం. పుస్తకం మొత్తం వేయొద్దని గట్టిగా చెప్పండి. మారిన పేజీని పాతదాని ప్రింటుతో పక్కన పెట్టి, ఒత్తులు, సున్నాలు, అంకెలు, కొటేషన్ గుర్తులు ఒక్కొక్కటీ సరిచూడాలి. మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే అవి తెలుగు చెత్తగా మారి ఉంటాయి. ఏ తప్పు పదేపదే వస్తోందో రాసుకుంటే, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒకేసారి దిద్దొచ్చు.

70 నుంచి 80. ఫాంటు. వర్డ్‌లో ఫాంటు మార్చినా తెలుగు మారట్లేదని, సైజు పెరగట్లేదని అందరూ అంటారు. ఫాంట్ డైలాగ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే గడి ఉంటుంది, తెలుగు దాని మాటే వింటుంది. లిబ్రెఆఫీస్‌లోనూ అంతే, ముందు ఆప్షన్లలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేయాలి. మండలి, సూరన్న, ఎన్టీఆర్, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని మీరు ముందే దించి ఫోల్డర్లో పెట్టి ఉంచుతారు కదా.

ఆఖరి 10. పీడీఎఫ్ చేసి, అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయించండి. సరిగ్గా వస్తే పని పూర్తయినట్టే. మిగిలిన టైమ్ సందేహాలకు.

9. గదిలో నడిపే తీరు

రెండింటికి అన్నారంటే రెండింటికే మొదలుపెట్టండి, ఆరుగురే ఉన్నా సరే. "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అన్నారంటే టైమ్‌కి వచ్చినవాళ్లను శిక్షించినట్టు. మూడో వారానికల్లా అందరూ పది నిమిషాలు ఆలస్యంగా రావడం నేర్చుకుంటారు.

"అర్థమైందా?" అని అడగొద్దు. మనవాళ్లు "ఆఁ అయింది సార్" అనే అంటారు. పరిశోధకులకు కోడింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ వర్క్‌షాపుల్లో వాడే పద్ధతి ఒకటుంది, మాకు బాగా పనికొచ్చింది. ప్రతి ఒక్కరికీ రెండు రంగుల అంటుకాగితాలు ఇస్తారు. పని అయితే పచ్చది, ఆగిపోతే ఎర్రది ల్యాప్‌టాప్ మూత మీద అంటించాలి. చెయ్యెత్తి అడగడానికి సిగ్గుపడే సీనియర్ ఉద్యోగులు, ప్రొఫెసర్లు కూడా ఎర్ర కాగితం అంటించడానికి వెనకాడరు. ఎర్రవి ఐదు దాటితే పాఠం ఆపేయాలి, లోపం మీ చెప్పడంలో ఉంది.

స్లైడ్ల కంటే చేసి చూపడం మేలు. ఒక్కో అడుగుని బోర్డు పక్కన అంకె వేసి రాస్తూ పోండి. ఆలస్యంగా వచ్చినవాళ్లు, ఫోన్ చూసుకుని తలెత్తినవాళ్లు దాన్ని చూసి అందుకుంటారు.

10. మళ్లీ మళ్లీ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

తప్పు: సగం మంది సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోకుండా వచ్చారు.
దిద్దుబాటు: గది అరగంట ముందే తెరవండి. "ఇన్‌స్టాల్ కానివాళ్లు 1:30కి రండి" అని మెసేజ్‌లోనే పెట్టండి. అప్పటికీ కాకపోతే పక్కవాళ్లతో జత కట్టించండి, వాళ్ల కోసం పాఠం ఆపొద్దు.

తప్పు: అన్నీ తెలిసిన ఒకరు ప్రతి వాక్యానికీ అడ్డొస్తున్నారు.
దిద్దుబాటు: టీ టైమ్‌లో పక్కకు పిలిచి, సహాయకుడిగా ఉండమని అడగండి. వచ్చే నెల ఒక సెమినార్ ఆయనకే అప్పజెప్పండి. మా మంచి వక్తల్లో ఇద్దరు అలా దొరికినవాళ్లే.

తప్పు: కరెంటు పోయింది.
దిద్దుబాటు: ల్యాప్‌టాపులు నడుస్తూనే ఉంటాయి, పోయేది ప్రొజెక్టరే. బోర్డు మీద అడుగులు రాసి ఉంటే సహాయకులు బెంచీల దగ్గర నడిపించేస్తారు.

తప్పు: ఏదో ట్రైనింగ్ సెంటర్ వాళ్లు టీ ఖర్చు మేం పెడతాం, ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి అన్నారు.
దిద్దుబాటు: వద్దని చెప్పండి. ఆ ఐదు నిమిషాలు కోర్సు ఫీజు దగ్గర మొదలై, హాజరు పట్టీలోని ఫోన్ నంబర్ల దగ్గర ఆగుతాయి. అసలు హాజరు పట్టీలో ఫోన్ నంబర్ల గడే పెట్టొద్దు. పేరు, శాఖ చాలు. టీ డబ్బులు నిర్వాహకులు పంచుకోగలిగినంతే ఉండాలి, లేకపోతే టీ మానేయండి.

తప్పు: క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ పంచుకున్నారు.
దిద్దుబాటు: మొదటి రోజే నియమం పెట్టండి. ఆఫీసు పనికి లిబ్రెఆఫీస్, బొమ్మలకు ఇంక్‌స్కేప్, రిఫరెన్సులకు జొటేరో, గణాంకాలకు ఆర్ లాంటివి ఉచితంగా ఉండగా ఆ గొడవ మనకెందుకు?

11. అయిపోయాక, అదే రోజు

వెళ్లేముందు ఒకే ప్రశ్న ఉన్న చీటీ ఇవ్వండి: "ఇవాళ ఎక్కడ ఆగిపోయారు?" బాగుందా, ఎన్ని మార్కులు వేస్తారు లాంటివి అడిగితే మొహమాటానికి అందరూ బాగుందనే రాస్తారు. ఆగిపోయిన చోట్లు మాత్రం నిజం చెబుతాయి. చీటీల్లో ఒకే చోటు మళ్లీ మళ్లీ కనిపిస్తే తర్వాతిసారి అక్కడ పది నిమిషాలు ఎక్కువ పెట్టండి.

ఆ సాయంత్రం చేయాల్సినవి:

- బోర్డు ఫోటో, వాడిన ఫైళ్లు గ్రూపులో పెట్టడం
- జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలు రాసి, ఎవరు కనుక్కుంటారో పేరు వేయడం
- పెన్‌డ్రైవ్‌లు ఫార్మాట్ చేయడం
- ఫ్యాన్లు, లైట్లు ఆపి, కప్పులు ఏరి, తాళంచెవి అప్పగించడం
- వచ్చే శనివారం అంశం, చెప్పేవారి పేరు ఖాయం చేయడం

వీడియో తీయాలా అని అడుగుతుంటారు. తీయొద్దంటాను. కెమెరా ఉంటే తెలియని ప్రశ్న అడగడానికి జనం జంకుతారు. కావాలంటే చెప్పేవారు తర్వాత ఒక్కరే కూర్చుని స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టొచ్చు.

ఇంకో పని సెమిస్టర్ చివర్లో ఉంటుంది. మీరు పాసై వెళ్లిపోతే సెమినార్ కూడా మీతో వెళ్లిపోకూడదంటే, జూనియర్లకు ఒక ఫోల్డర్ అప్పజెప్పాలి. అందులో ఉండాల్సినవి: పర్మిషన్ ఉత్తరం నమూనా, జరిగిన సెమినార్ల నోట్సు, "ఎక్కడ ఆగిపోయారు" చీటీల ఫోటోలు, సంచి జాబితా, రౌటర్ పాస్‌వర్డ్, అటెండర్ అన్న ఏ బ్లాకులో కూర్చుంటారో, ఆయన సెలవు పెట్టిన రోజు తాళంచెవి ఎక్కడ దొరుకుతుందో. అప్పజెప్పే ముందు రెండు శనివారాలు వాళ్లచేతే నడిపించి, మీరు చివరి బెంచీలో కూర్చోండి. వాళ్లు తడబడినా లేవకండి. ఎర్ర కాగితం అంటిస్తే చాలు.